నా నొప్పికి నేను ఒకటో నంబరు వెయ్యలేదు

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, మధ్యాహ్నం భోజనమైన గంటకి నాకు మొదటిసారి ఏదో తేడాగా అనిపించింది. మా ఆఫీసు హైటెక్ సిటీలో కొత్తగా కట్టిన భవనంలో మూడో అంతస్తులో ఉండేది. గోడలకి రంగు వాసన ఇంకా పోలేదు. బయట రోడ్డు కోసం బండలు పేలుస్తుండేవారు. పేల్చే ముందు ఒకతను ఎర్ర జెండా ఊపి ఈల వేసేవాడు, కాసేపటికి కిటికీ అద్దాలు అదిరేవి. ఆ రోజు అద్దాలు అదిరిన క్షణంలోనే నా బొడ్డు చుట్టూ తడిబట్టని పిండినట్టు ఒక మెలి వచ్చింది. కుడివైపు కిందకి దిగింది, ఆగింది, మళ్లీ వచ్చింది. ఇరవై నిమిషాల తర్వాత కడుపులో పెద్దగా గుడగుడమని శబ్దం వచ్చి, ఏదో అడ్డు తొలగినట్టు నొప్పి పోయింది.

ఆ శబ్దం పక్క సీటుకి కూడా వినిపించింది. పక్క సీటు యాదగిరిది. సిద్దిపేట దగ్గర ఊరు. నేను తాడేపల్లిగూడెం నుంచి వచ్చి కంపెనీలో చేరిన వారానికే అతనూ చేరాడు. నిజాంపేట రోడ్డులో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం.

"ఏంది మురళీ, కడుపుల బోరింగు ఏస్తున్నవా?" అన్నాడు.

నవ్వాను. ఆ రోజు దాన్ని నవ్వి వదిలేయడం తప్పని ఇప్పుడు కూడా అనుకోను. నా తప్పు తర్వాత మొదలైంది. అది అర్థం కావాలంటే మా ఆఫీసు పని కొంచెం చెప్పాలి.

పాత కంప్యూటర్ ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండు అంకెల్లోనే రాసేవారు. రెండు వేల సంవత్సరం వచ్చేలోపు అలాంటి చోట్లన్నీ వెతికి నాలుగు అంకెలకి మార్చడం మా ప్రాజెక్టు. దొరికిన ప్రతి లోపానికీ ఒక సివియారిటీ నంబరు వెయ్యాలి. ఒకటి అంటే పని మొత్తం ఆగిపోయింది. రెండు అంటే ఇబ్బందిగా ఉంది గానీ నడుస్తోంది. మూడు చిన్న లోపం. నాలుగు పట్టించుకోనక్కర్లేదు. వారానికొకసారి ఆ జాబితా విదేశంలో ఉన్న క్లయింటుకి వెళ్తుంది. అందులో ఒకటి కనిపిస్తే వాళ్ల మేనేజరు ఫోన్ చేస్తాడు, మా టీమ్ లీడ్ సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకని ఒకటి వెయ్యాల్సిన చోట రెండు వేసి, చప్పుడు కాకుండా సరిచేసి పంపడం మాకు అలవాటు. అలా చేసేవాణ్ణి మంచి పనివాడనేవారు. నేను చాలా మంచి పనివాణ్ణి.

నొప్పి మార్చిలో వారానికి రెండుసార్లు వచ్చేది. మాదాపూర్‌లో ఒక చిన్న క్లినిక్‌కి వెళ్లాను. డాక్టరు గారు పొట్ట మీద రెండు వేళ్లతో కొట్టి చూసి, "గ్యాస్ అండీ. బయట తిండి మానెయ్యండి, టైముకి తినండి" అని ర్యానిటిడిన్ రాశారు. పదిహేను రోజులు వేసుకున్నాను. తగ్గినట్టే ఉండి మళ్లీ వచ్చింది. కూకట్‌పల్లిలో ఒక ఫిజీషియన్ అల్ట్రాసౌండ్ చేయించారు. రిపోర్టులో "నార్మల్ స్టడీ" అని రాసి ఉంది. తర్వాత ఎండోస్కోపీ. గొంతులో చేదు మందు కొట్టి, గొట్టం దింపి, తీశారు. "మైల్డ్ యాంట్రల్ గ్యాస్ట్రైటిస్, కడుపు లోపల కొంచెం వాపు. ఈ వయసులో ఎవరికైనా ఉంటుంది" అన్నారు. ఒమెప్రజోల్ రాశారు.

రెండు పరీక్షల్లోనూ ఏమీ లేదని వచ్చాక, నేనే డాక్టర్లకి సమాచారం సరిగా ఇవ్వడం లేదేమో అనిపించింది. లోపం ఎక్కడుందో తెలియనప్పుడు మేము చేసే పనే చేశాను. ఆఫీసు కంప్యూటర్లో ఒక పట్టిక తయారు చేశాను. తేదీ, సమయం, ముందు తిన్నది, నొప్పి ఉన్న నిమిషాలు, విరేచనం, చివరి గడిలో సివియారిటీ. ఒకటి నుంచి నాలుగు. వేరే కొలత పెట్టాలన్న ఆలోచనే రాలేదు. చేతికి అలవాటైనది అదే.

పట్టిక మొదలుపెట్టాక మనసుకి కొంత నెమ్మదిగా ఉండేది. నొప్పి వచ్చినప్పుడు భయం వేసేది కాదు, గడియారం చూసేవాణ్ణి. పాలు మానేసి పది రోజులు, గోధుమలు మానేసి పది రోజులు, కారం మానేసి పది రోజులు. ఒక్కసారి ఒక్కటే మార్చి చూడాలి, లేకపోతే కారణం తెలియదు. ఏదీ తేలలేదు.

మే నెలాఖరులో సోమాజిగూడలో ఒక పెద్ద ఆసుపత్రిలో గ్యాస్ట్రో ఎంటరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను. ప్రింటర్ నుంచి తీసిన పొడవాటి కాగితం మడతలు విప్పి బల్ల మీద పరిచాను. ఆయన కళ్లజోడు సర్దుకుని పై నుంచి కింద దాకా చదివారు. అంత ఓపిగ్గా నా మాట ఎవరూ వినలేదు.

"ఇది మీరే చేశారా? చాలా సిస్టమాటిక్‌గా ఉంది. నా పేషెంట్లందరూ ఇలా తెస్తే బావుండు."

నాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వం గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది.

"వెయిట్ ఏమైనా తగ్గారా?"

"కొంచెం తగ్గాను సర్. ఎండలు కదా."

"సాయంత్రాలు ఫీవర్ గానీ, చెమటలు గానీ?"

"లేదు సర్."

సాయంత్రం ఆఫీసు వ్యాను ఎక్కేసరికి ఒళ్లు వెచ్చగా ఉండేది. ఏసీ గదిలోంచి మే నెల ఎండలోకి వస్తే ఎవరికైనా అలాగే ఉంటుందనుకున్నాను. కావాలని అబద్ధం చెప్పలేదు. నా పట్టికలో జ్వరానికి గడి లేదు, అంతే.

ఆయన రక్తపరీక్ష కాగితం చూశారు. "ఈఎస్ఆర్ కొంచెం ఎక్కువుంది, లోపల ఎక్కడైనా వాపుంటే అది పెరుగుతుంది. బేరియం తాగించి పేగు పొడవునా ఎక్స్-రేలు తీసే ఫాలో త్రూ పరీక్ష చేయిద్దామా అని ఉంది నాకు. కానీ మీ చార్ట్ చూస్తే ఆరు వారాలుగా అన్నీ రెండు, మూడే ఉన్నాయి. పెరగడం లేదు. ఐబీఎస్ లా ఉంది, పేగులో జబ్బేమీ లేకుండానే నొప్పి వస్తుంది. మీ ఉద్యోగాల్లో టెన్షన్ ఎక్కువ. ఒక నెల చూద్దాం. ఎక్కువైతే మాత్రం ఆగకండి, వెంటనే రండి."

ఎక్కువైతే రమ్మన్నారు. నేను ఎక్కువ కాకుండా చూసుకున్నాను.

ఎలాగంటే, తినకపోతే నొప్పి రాదని జూన్ మొదటి వారంలో కనిపెట్టాను. అన్నం సగం చేస్తే నొప్పి నిమిషాలు సగమయ్యాయి. రాత్రి భోజనం తీసేసి మజ్జిగ తాగితే ఉదయాలు బాగున్నాయి. పట్టికలో రెండులు తగ్గి మూడులు పెరిగాయి. నెలాఖరుకి నాలుగు కూడా ఒకటి వచ్చింది. ప్యాంటు నడుము దగ్గర బట్ట కుచ్చుగా పోగవుతుంటే బెల్టు బిగించుకునేవాణ్ణి. ఆ నెల చివర మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది. ఫోన్ చేసి, "ఇంప్రూవ్‌మెంట్ ఉంది సర్" అని చెప్పాను. "గుడ్. అయితే అవే మందులు కంటిన్యూ చెయ్యండి" అన్నారు.

జూలైలో ఒక ఆదివారం యాదగిరి పప్పుచారు చేశాడు. నేను రెండు చెంచాల పెరుగన్నం కలుపుకున్నాను. అతను తినడం ఆపి నన్నే చూస్తున్నాడు.

"గంతేనా? పిల్లికి పెట్టినట్టు పెట్టుకున్నవ్."

"నొప్పి తగ్గిందిరా. చూడు, ఈ వారం దాదాపు అన్నీ మూడులే."

"తినకపోతే ఇంకేడికెల్లొస్తది నొప్పి? బండి బయటికి తియ్యకపోతే పంచరైతదా?"

అతను చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"మొన్న వ్యాను దిగి మెట్ల మీద పావుగంట కూసున్నవ్ గదా. దానికేం నంబరేసినవ్?"

"రెండు."

"శుక్రవారం ఆఫీసుల బల్ల కింద కాళ్లు ముడుసుకొని పండుకున్నవ్. చెప్పుల కోసం ఎతుకుతున్నవని లీడ్‌కు నేను అబద్ధం చెప్పిన. దానికి?"

"అదీ రెండే. లేచి పని పూర్తిచేశాను కదా. పని ఆగలేదు."

"మరి ఒకటి ఎప్పుడేస్తవ్‌రా? నువ్వు సచ్చినంక నేనేయాల్నా?"

"నా నొప్పి నాకు తెలీదా?" అని అరిచాను. అతని మీద అరవడం అదే మొదటిసారి.

"నీకే ఎర్క, కాదంటలేను. కని నిన్ను సూసేటోణ్ణి నేను. ఏప్రిల్ల నొప్పొస్తే నడుసుకుంట బాత్రూముకు పోయెటోడివి. ఇప్పుడు గోడ పట్టుకొని పోతున్నవ్. రెండిట్లకీ ఒక్కటే నంబరా? ఇగ నీ ఇష్టం. నాకైతే పరేషానుంది."

అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి నేను పట్టిక ప్రింటు తీసి ఏప్రిల్ నెల వరసలు చూశాను. ఏప్రిల్‌లో ఒక 'రెండు' పక్కన, 'పన్నెండు నిమిషాలు, తర్వాత టీ తాగాను' అని రాసుకున్నాను. జూలైలో ఒక 'రెండు' పక్కన ఏమీ రాయలేదు. రాసే ఓపిక లేక. తేడా కనిపించింది. కనిపించినా నేను చేసిందేమిటంటే, కొత్త నెల నుంచి కొలత మార్చాలి, పాతవన్నీ తిరిగి లెక్కవేయాలి, ఈ వారం క్లయింటు రివ్యూ అయిపోయాక చేద్దాం అనుకుని పడుకున్నాను.

రివ్యూ బుధవారం. ఫోన్లో అవతల క్లయింటు, ఇవతల మేము ఆరుగురం. నా వంతు వచ్చినప్పుడు మధ్యాహ్నం మూడు దాటింది. నొప్పి వచ్చింది, కానీ ఈసారి గుడగుడ శబ్దం రాలేదు, అడ్డు తొలగలేదు. మెలి మీద మెలి పడుతూ ఉంది. నేను చదువుతున్న జాబితాలో తొమ్మిదో వరస దగ్గర మాట ఆగిపోయింది. లేచి తలుపు దాకా వెళ్లి అక్కడే వాంతి చేసుకున్నాను. ముదురాకుపచ్చగా ఉంది. పొట్ట రాయిలా ఉబ్బి ఉంది. లీడ్ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "మ్యూట్, మ్యూట్" అంటున్నాడు. యాదగిరి నన్ను భుజాన వేసుకుని లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లు దిగాడు.

ఆటోలో జూబ్లీహిల్స్ మీదుగా సోమాజిగూడ ఆసుపత్రికి ఎంతసేపు పట్టిందో తెలియదు. గుంత పడ్డప్పుడల్లా యాదగిరి, "అన్నా, జర పైలంగా పోనియ్యి" అని డ్రైవరుని బతిమాలడం మాత్రం గుర్తుంది.

నిలబెట్టి ఎక్స్-రే తీశారు. "మల్టిపుల్ ఎయిర్ ఫ్లూయిడ్ లెవెల్స్" అన్నారు. అంటే పేగు మూసుకుపోయి, లోపల నీళ్లూ గాలీ మెట్లు మెట్లుగా నిలిచిపోయాయి. ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ అనే సన్న గొట్టం దింపారు. సర్జన్ గారు పొట్ట మీద చెయ్యి పెట్టి, ఒక్కసారి నొక్కి వదిలారు. నేను అరిచాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఐదు నెలలు సర్."

"ఐదు నెలలు ఏం చేశావయ్యా?"

నా దగ్గర జవాబు ఉంది. నూట నలభై వరసల జవాబు.

మర్నాడు పొద్దున నాన్న వచ్చేసరికి ఆపరేషన్ అయిపోయింది. చిన్నపేగు చివర, పెద్దపేగుతో కలిసే చోట గట్టి ముద్ద ఉందట. దారి పెన్సిల్ దూరనంత సన్నబడిపోయింది. దానికి ఎగువన పేగు ఉబ్బి ఒకచోట చిల్లు పడింది. రెండడుగుల పేగు, అపెండిక్స్, పెద్దపేగు మొదటి భాగం తీసేశారు. లోపల చీము ఉండటంతో వెంటనే కలిపి కుడితే నిలవదని, పేగు కొసని పొట్ట మీదకి తెచ్చి సంచి తగిలించారు. ఇలియోస్టమీ అంటారు. నాకు స్పృహ వచ్చాక చేత్తో తడిమితే వెచ్చగా, తడిగా ఏదో తగిలింది. పుండేమో అనుకున్నాను. సిస్టర్ చెప్పింది, "అది నీ పేగే బాబూ. తాకితే నొప్పుండదు. భయపడకు."

నిజంగానే నొప్పి లేదు. పేగుని కోసినా, కాల్చినా తెలియదట. సాగదీస్తేనే తెలుస్తుందట. ఐదు నెలలు నాకు తెలిసింది ఆ సాగదీత ఒక్కటే.

పది రోజులకి బయాప్సీ వచ్చింది. గ్రాన్యులోమా, కేసియేషన్. కడుపులో టీబీ. ఛాతీ ఎక్స్-రేలో ఏమీ లేదు, దగ్గు ఎప్పుడూ లేదు. గ్యాస్ట్రో డాక్టరు గారు ఆ సాయంత్రం వార్డుకి వచ్చారు. నా పొడవాటి కాగితం ఫైలులోంచి తీసి మంచం మీద కూర్చున్నారు.

"ఇందులో ఒకటి ఎక్కడా లేదు. ఎందుకు వెయ్యలేదు?"

"ఆఫీసుకి వెళ్తూనే ఉన్నాను కదా సర్. పని ఆగితేనే ఒకటి వెయ్యాలి."

ఆయన కాగితం వంక చూస్తూనే అన్నారు. "నేను దీన్ని నమ్మి ఆగాను. ఆగకుండా ఉండాల్సింది. బేరియం తీసి ఉంటే మేలో దొరికేది. మందులతోనే తగ్గేదేమో కూడా." మడత పెట్టి నా దిండు పక్కన పెట్టి వెళ్లిపోయారు. ఆ 'తగ్గేదేమో' అన్న మాట నేను రోజూ వింటున్నాను. ఇంకెవరూ అననక్కర్లేదు.

నాన్న కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్ ఇన్‌స్పెక్టరు. నెల సెలవు పెట్టారు. ఎక్కువ మాట్లాడరు. సంచి నిండితే విప్పి, కడిగి, మళ్లీ తగిలించడం సిస్టర్ ఒక్కసారి చూపిస్తే నేర్చుకున్నారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది. మొహం గోడ వైపు తిప్పుకునేవాణ్ణి. ఒకరోజు పని చేస్తూనే అడిగారు.

"యాదగిరి అంతా చెప్పాడు. రెండూ మూడూ వేసుకుంటూ కూర్చున్నావంటగా?"

"తప్పయిపోయింది నాన్నా."

"ఫ్యూజు మాటిమాటికీ కొట్టేస్తోందని లావు తీగ కట్టేసేవాళ్లుంటారు మా ఊళ్లలో. ఇంక ఫ్యూజు పోదు, బానే ఉందనుకుంటారు. ఇల్లు తగలబడ్డాక మాకు ఫోన్ చేస్తారు. చదువుకోని వాళ్లు చేస్తారనుకునేవాణ్ణిరా నేను." సంచి బిగించి, చేతులు తుడుచుకుని, "కదలకు, జారిపోద్ది" అన్నారు.

కోపంగా అన్నారో, ఏడుపు ఆపుకోలేక అన్నారో తెలియదు.

ఏటీటీ, అంటే టీబీ మందుల కోర్సు, మొదలుపెట్టారు. నాలుగు రకాల మాత్రలు, పరగడుపున. మూత్రం నారింజ రంగులో వచ్చేది. "తొమ్మిది నెలలు, ఒక్క రోజు కూడా తప్పకూడదు" అన్నారు. ఐదో వారంలో కళ్లు పచ్చబడ్డాయి. లివర్ పరీక్ష ఎల్ఎఫ్‌టీ చూసి డాక్టరు గారే అన్నీ ఆపేశారు. మందు ఆపితే టీబీ పెరుగుతుంది, వేస్తే లివర్ పాడవుతుంది. మూడు వారాలు ఏ మందూ లేకుండా పడుకుని ఉన్నాను. ఆ మూడు వారాలు నేను బతకాలని అనుకోలేదు. చావాలనీ అనుకోలేదు. ఏమీ అనుకోలేదు. తర్వాత ఒక్కో మాత్ర, వారానికొకటి చొప్పున మళ్లీ మొదలుపెట్టారు. ఒక్కసారి ఒక్కటే మార్చి చూడాలి అన్నారు. నాకు తెలిసిన పద్ధతే.

గదికి తిరిగి వచ్చిన రోజు ఇంటి ఓనరమ్మ గుమ్మంలో నిలబడి, "టీబీ అంటున్రు, మా ఇంట్ల చిన్న పిల్లలున్నరు" అంది. కడుపులోది అంటుకోదని డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించాను. ఆవిడకి చదవడం రాదు. యాదగిరి ముందుకు వచ్చి, "అత్తమ్మా, నేను వీని పక్కల పండుకుంటున్న, నాకేమన్న అయిందా? అయినప్పుడు ఇద్దరం ఖాళీ చేస్తం" అన్నాడు. ఉండనిచ్చింది. నా గ్లాసు మాత్రం వేరే పెట్టించింది. ఇప్పటికీ వేరేనే.

అక్టోబరులో రెండో ఆపరేషన్ చేసి పేగు లోపల కలిపారు. సంచి పోయింది. అందరూ సంతోషించారు. అమ్మ ఊరి నుంచి ఫోన్లో ఏడ్చింది. నేను కూడా సంతోషించాలని చూశాను. పెద్దపేగు మొదటి భాగమూ, చిన్నపేగు చివరా లేకపోతే తిన్నది నిలవదు. రోజుకి ఆరేడుసార్లు విరేచనం. ఇది తగ్గుతుందా అని అడిగితే, "కొంత అలవాటవుతుంది" అన్నారు సర్జన్ గారు. తగ్గుతుంది అనలేదు.

ఇప్పుడు డిసెంబరు. ఆఫీసులో మా వాళ్లందరూ ముప్పై ఒకటో తేదీ కోసం చూస్తున్నారు. ఆ రోజు ఎవరు ఏ సీటులో కూర్చోవాలో జాబితా వేశారట. అందులో నా పేరు లేదు. నేను యూజర్ మాన్యువల్స్ రాసే విభాగంలో ఉన్నాను. లీడ్ మంచివాడే. "హెల్త్ ముఖ్యం మురళీ" అన్నాడు. వ్యానులో నలభై నిమిషాలు ఆగకుండా కూర్చోలేను కాబట్టి మాదాపూర్‌లో ఆఫీసుకి నడిచి వెళ్లేంత దూరంలో గది చూస్తున్నాం. ఏ సీటు నుంచి టాయిలెట్ ఎన్ని అడుగులో నాకు కంఠతా వచ్చు. ఎవరి పెళ్లికీ వెళ్లను. బరువు అరవై రెండు నుంచి నలభై ఏడుకి పడిపోయి, ఇప్పుడు యాభై ఒకటి దగ్గర ఆగింది. మందులు ఇంకా ఐదారు నెలలున్నాయి. బి ట్వెల్వ్ ఇంజెక్షన్ జీవితాంతం.

నవంబరులో మళ్లీ నొప్పి వచ్చింది. అదే చోట, అదే మెలి. ఆ నిమిషంలో పడిన భయం మొదటి ఐదు నెలల్లో ఒక్కరోజు పడి ఉన్నా నా పేగు నాకు ఉండేది. యాదగిరి ఆఫీసు మానేసి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు గారు అడిగితే నేను నోరు తెరవకముందే అతను చెప్పాడు. "పొద్దుగాల నుంచి రెండుసార్లు నేల మీద పండుకున్నడు సార్. ఇడ్లీ సగం తిని పక్కకు పెట్టిండు. నేను మాట్లాడితే ఒక్క మాటకు రెండుసార్లు అడగాల్సొస్తుంది, చెవికెక్కుతలేదు." డాక్టరు గారు ఒక్క మాట కూడా వదలకుండా రాసుకున్నారు. ఆ రోజే ఎక్స్-రే, మర్నాడు స్కానింగ్. అడ్హీషన్స్, అంటే ఆపరేషన్ జరిగిన చోట పేగులు ఒకదానికొకటి అతుక్కోవడం. ఇప్పటికి కొయ్యాల్సిన పని లేదు. "ఇది అప్పుడప్పుడు వస్తూ ఉంటుంది. ఎప్పుడు మూసుకుపోతుందో చెప్పలేం. చూసుకుంటూ ఉండాలి" అన్నారు.

ఇదీ నా పరిస్థితి. బాగయ్యానని రాయలేను. చదివేవాళ్లలో కడుపునొప్పితో ఒక డాక్టరు నుంచి ఇంకో డాక్టరుకి తిరుగుతున్నవాళ్లు ఉంటే, వాళ్లకి ఒక్కటే చెప్పాలని ఇదంతా రాశాను.

నొప్పిని రాసుకోండి. కానీ నంబరు వెయ్యకండి. ఆ నొప్పి వల్ల ఏ పని చెయ్యలేకపోయారో రాయండి. నిలబడలేకపోయారా, సగం తిని లేచారా, గోడ పట్టుకున్నారా, నెల కింద వేసుకున్న బట్టలు వదులయ్యాయా. తినడం తగ్గించినందుకే నొప్పి తగ్గితే దాన్ని మెరుగైందని రాయకండి. సాయంత్రం ఒళ్లు వెచ్చగా ఉంటే ఎండ అనుకోకండి, థర్మామీటరు పెట్టి చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా, డాక్టరు గదిలోకి ఒక్కరే వెళ్లకండి. మీతో ఒకే ఇంట్లో ఉండే మనిషిని తీసుకెళ్లి ముందు వాళ్లని మాట్లాడనివ్వండి. వాళ్లు చెబుతుంటే మీకు సిగ్గుగా ఉంటుంది. ఇంత లేదే, ఎక్కువ చేసి చెబుతున్నారే అనిపిస్తుంది. అడ్డుపడకండి.